మా దీవికి ఒక పాట రావడానికి పట్టిన ఏడు నెలలు

"మారిషస్ వాళ్ళు పెట్టిన ఖర్చులో 30 శాతం వెనక్కి ఇస్తామంటున్నారమ్మా. మీ అండమాన్ ఏమిస్తుంది?"

2023 జులైలో హైదరాబాద్ నుంచి ఒక ప్రొడక్షన్ మేనేజర్ గారు ఫోన్లో నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. అప్పటికి నేను పోర్ట్ బ్లెయిర్‌లో, అబర్డీన్ బజార్ దగ్గర ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు నడుపుతున్నాను. ఫెర్రీ టికెట్లు, హోటళ్ళు, హనీమూన్ ప్యాకేజీలు నా పని. సినిమా యూనిట్‌ను ఎప్పుడూ చూసుకోలేదు. కొత్త ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ ఆ నెల 18న ప్రారంభమైంది. ఆ వార్త చూసి, ఒక పాట మా దీవుల్లో తీయవచ్చా అని ఆయనకు ఆలోచన వచ్చిందట. మా ఆఫీసులో తెలుగు మాట్లాడే మనిషి ఉందని ఎవరో చెబితే నాకు ఫోన్ చేశారు.

ఆయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. "రేపు చెబుతాను సార్" అని ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రంతా చదువుతూ కూర్చున్నాను. మారిషస్ 2013లోనే ఈ పథకం మొదలుపెట్టింది. అక్కడ ఖర్చు చేసిన సొమ్ములో అర్హత ఉన్న భాగం మీద 30 శాతం, పెద్ద సినిమాలకైతే 40 శాతం దాకా అప్పట్లో తిరిగి ఇచ్చేవారు. మనవాళ్ళకు ముందుగా వీసా తీసుకునే పని కూడా లేదు. పైగా అది ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశం, మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన వాళ్ళ మనవలున్న చోటు. అలాంటి దీవితో పోటీ పడాలంటే ఇసుక తెల్లగా ఉంది, నీళ్ళు పచ్చగా ఉన్నాయి అని చెబితే సరిపోదని ఆ రాత్రే అర్థమైంది. అలాంటి నీళ్ళు లోకంలో చాలా చోట్ల ఉన్నాయి.

మర్నాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "సార్, నేను డబ్బు వెనక్కి ఇప్పించలేను. పాస్‌పోర్ట్ అక్కర్లేదు, రూపాయిల్లోనే ఖర్చు, హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది. ఏ గంటకు ఏ బీచ్‌లో నీళ్ళు ఎక్కడిదాకా ఉంటాయో చెప్పే మనుషులు మా ఇంట్లో ఉన్నారు. అది మీకు మారిషస్‌లో ఎవరు చెబుతారో నాకు తెలియదు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, రెక్కీకి వస్తాం" అన్నారు. రెక్కీ అంటే షూటింగ్‌కు ముందు వచ్చి చోట్లు చూసుకోవడం.

మా ఇంట్లో మనుషులు అన్నది మాటవరసకు కాదు. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి 1960లలో విశాఖలో ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. జంగ్లీఘాట్‌లో చేపల రేవు పక్కన ఇల్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బయట హిందీ మాట్లాడతాం, ఇంట్లో మా నానమ్మ శ్రీకాకుళం యాస. మా చిన్నాన్న ఇప్పటికీ డింగీ అనే చిన్న పడవ వేసుకుని చేపల వేటకు వెళ్తాడు. సముద్రం సంగతి ఏది అడిగినా ఆయన పంచాంగం చూడడు, చంద్రుణ్ణి చూస్తాడు.

రెక్కీ నవంబర్‌లో పెట్టారు. వద్దని చెప్పాను. మాకు రెండు వానాకాలాలు. మే మూడో వారానికల్లా నైరుతి వస్తుంది, అది వెళ్ళేసరికి ఈశాన్యం. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. డిసెంబర్ చివరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే ధైర్యంగా షూటింగ్ పెట్టుకోవచ్చు. కానీ హీరో డేట్లు ఖాయం చేయాలంటే రెక్కీ ముందే అవ్వాలన్నారు. నలుగురు వచ్చారు: డైరెక్టర్ గారు, కెమెరామ్యాన్ గారు, ఆర్ట్ డైరెక్టర్ గారు, మేనేజర్ గారు. స్వరాజ్ ద్వీప్‌కి, అంటే పాత హేవ్‌లాక్‌కి తీసుకెళ్ళాను. రెండో రోజు అల్పపీడనం, ఫెర్రీలు రద్దు. ఒక రోజంతా హోటల్లో కిటికీ దగ్గర కూర్చున్నారు. మేనేజర్ గారి ముఖం చూస్తే నాకు టెన్షన్. 2016 డిసెంబర్‌లో తుఫాను వచ్చినప్పుడు దాదాపు 1,400 మంది టూరిస్టులు అదే దీవిలో చిక్కుకుపోయారు. నేవీ ఓడలు వచ్చి తీసుకొచ్చాయి. ఆ సంగతి దాచకుండా చెప్పాను. షూటింగ్ ఫిబ్రవరిలోనే పెట్టాలని, అప్పుడు కూడా ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలని పట్టుబట్టాను. ఆ ఖాళీ రోజు ఖర్చు ఎవరు భరిస్తారని ఆయన అడిగారు. నా సర్వీస్ చార్జీలో సగం వదులుకుంటానన్నాను. అలా ఒప్పుకున్నారు. ఇప్పుడు మళ్ళీ అలా వదులుకోను. ఆ ఒక్క రోజు బడ్జెట్‌లో మొదటి నుంచే ఉండాలి, దీవిలో షూటింగ్ అంటే అది తప్పనిసరి ఖర్చు.

ఆ రోజు కిటికీ దగ్గర కూర్చున్నప్పుడే డైరెక్టర్ గారు మనసులో ఉన్న రెండు కోరికలు చెప్పారు. ఒకటి, సెల్యులార్ జైలు వరండాలో హీరో హీరోయిన్ల మీద ఒక చరణం. రెండోది, వెనక ఆదివాసుల వేషాల్లో డాన్సర్లు, వీలైతే నిజమైన వాళ్ళు.

రెండిటికీ వద్దని చెప్పాను. చెప్పేటప్పుడు భయం వేసింది. యూనిట్ చేజారిపోతుందని ఒక పక్క అనిపిస్తూనే ఉంది.

జైలు గురించి చెప్పడం తేలికైంది. 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఏడు చేతుల్లా ఏడు వింగ్‌లు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. 1979 నుంచి అది జాతీయ స్మారకం. మన కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకరాచారి గారిని ఉంచింది అక్కడే. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం మనుషులను కూడా ఈ దీవులకే పంపారు. చిన్నప్పుడు స్కూల్ నుంచి తీసుకెళ్తే ఆ గదుల ముందు చెప్పులు విడిచి నడిచేవాళ్ళం. "సార్, అక్కడ ప్రేమ పాట మీ సినిమాకే మంచిది కాదు" అన్నాను. డైరెక్టర్ గారు వెంటనే ఒప్పుకున్నారు. పోర్ట్ బ్లెయిర్‌కి వెనక్కి వచ్చాక ఆయనే ఒక్కరు వెళ్ళి జైలంతా తిరిగి వచ్చారు.

రెండోది అంత తేలిగ్గా అవ్వలేదు. జారవాలనే ఆదివాసులు ఉండే అడవి మీదుగా మా ట్రంక్ రోడ్డు వెళ్తుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నిటినీ ఒక వరసలో పెట్టి, పోలీసు బండి తోడుగా పంపుతారు. మధ్యలో ఆపకూడదు, కెమెరా తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. 1956 నుంచి వాళ్ళ రక్షణకు ప్రత్యేక చట్టం ఉంది. టూరిస్టులు వాళ్ళ చేత డాన్స్ చేయించిన వీడియోలు 2012లో బయటికి వచ్చాక దాన్ని ఇంకా గట్టి చేశారు. ఇప్పుడు ఫోటో తీసినా జైలే. ఇదంతా విన్న ఆర్ట్ డైరెక్టర్ గారు, "నిజమైన వాళ్ళు వద్దులే, చెన్నై డాన్సర్లకు రంగు పూసి తీద్దాం" అన్నారు. అది చట్టానికి అడ్డం కాకపోవచ్చు. కానీ నేను పెరిగింది ఈ ఊళ్ళో. ఆ అడవి మనుషులు కొన్ని వందల మందే మిగిలారు. వాళ్ళను చూసి నవ్వుకునే పాటకు నేను పడవలు మాట్లాడలేను. అదే చెప్పాను. "ఆ షాట్ ఉంటే నేను ఈ పని చేయను సార్, ఇంకొకరి నంబర్ ఇస్తాను" అన్నాను.

గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి కెమెరామ్యాన్ గారు, "మరి వెనక ఎవరిని పెడదాం, చెప్పమ్మా" అని నన్నే అడిగారు. ఏమీ ఆలోచించకుండా, "మా వాళ్ళను పెట్టండి సార్. వల లాగే వాళ్ళను" అన్నాను. ఆ ఒక్క మాట పాటను మార్చేసింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక అనుమతులు. దీని గురించి ఎక్కువగా రాస్తున్నాను, ఎందుకంటే దీవికి షూటింగ్ రావాలన్నా, వచ్చింది వెనక్కి పోవాలన్నా ఇక్కడే తేలుతుంది. మొదటి దరఖాస్తు సమాచార, ప్రచార, పర్యాటక డైరెక్టరేట్‌కి. పాట సారాంశం, లొకేషన్ల జాబితా, ఏ తేదీ ఏ చోటు, యూనిట్‌లో ప్రతి మనిషి పేరు, గుర్తింపు కార్డు. అక్కడితో ఆగదు. అడవి భూమి అయితే అటవీ శాఖ ఫీజు వేరు. జెట్టీ మీద కెమెరా పెట్టాలంటే పోర్టు వాళ్ళు వేరు. పోలీసుకు సమాచారం వేరు. బీచ్‌లో చిన్న స్టేజీ వేసినా తీర నియమాలు చూడాలి. అన్నిటికన్నా కష్టం డ్రోన్. ఈ దీవుల్లో త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఉంది, రన్‌వే నేవీది. హైదరాబాద్‌లో లాగా బ్యాగులోంచి తీసి ఎగరేస్తే కేసు అవుతుంది.

ఒక ఆఫీసులో మా ఫైలు 11 రోజులు కదలలేదు. రోజూ పొద్దున వెళ్ళేదాన్ని. సార్ టూర్‌లో ఉన్నారు, సార్ మీటింగ్‌లో ఉన్నారు. పన్నెండో రోజు తెలిసిందేమిటంటే యూనిట్ జాబితాలో ఇద్దరి ఆధార్ పేరు, టికెట్ మీద పేరు కలవలేదు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే గంటలో సరిచేసేదాన్ని. అప్పటి నుంచి నేను ఏ ఫైలు ఇచ్చినా ముందు పేజీలో ఏ కాగితం ఎన్నో పేజీలో ఉందో రాసి పెడతాను, పేర్లన్నీ నేనే టికెట్లతో సరిచూస్తాను. అన్ని రాష్ట్రాల షూటింగ్ అనుమతులకూ ఒకే ఆన్‌లైన్ ద్వారం ఉండాలని కేంద్రం 2015లో ఒక ఫిల్మ్ ఫెసిలిటేషన్ ఆఫీసు పెట్టింది. 2024లో దాన్నే ఇండియా సినీ హబ్ పేరుతో పెద్దది చేశారు. మంచి పనే. కానీ కంప్యూటర్‌లో దరఖాస్తు వెళ్ళాక ఇక్కడ దాన్ని చేత్తో పట్టుకుని ఆఫీసు ఆఫీసుకూ తిరిగే మనిషి ఇంకా కావాలి.

డ్రోన్ అనుమతి షూటింగ్ తేదీలోపు రాలేదు. డైరెక్టర్ గారికి ఎత్తు నుంచి దీవులు కనిపించే షాట్ కావాలి. నా పర్సులోంచి పాత ఎర్ర 20 రూపాయల నోటు తీసి వెనక వైపు చూపించాను. కొబ్బరి చెట్లు, సముద్రం, దూరంగా లైట్‌హౌస్. "ఇది ఎక్కడుందో తెలుసా సార్? మన ఎదురు కొండ మీదే." అది మౌంట్ హ్యారియట్ నుంచి నార్త్ బే కనిపించే చోటు. ఆ కొండకు ఇప్పుడు మౌంట్ మణిపూర్ అని పేరు. చాథమ్ నుంచి బాంబూఫ్లాట్‌కి వెహికల్ ఫెర్రీలో దాటి, కొండ ఎక్కితే చాలు. కెమెరామ్యాన్ గారు ఆ నోటు అడిగి తీసుకుని తన ఫోన్ కవర్ వెనక పెట్టుకున్నారు. షాట్ ట్రైపాడ్ మీంచే తీశారు.

సామాన్ల సంగతి వచ్చేసరికి మేనేజర్ గారు మళ్ళీ మారిషస్ మాట ఎత్తారు. మెయిన్‌ల్యాండ్ మాకు సుమారు 1,200 కిలోమీటర్లు. చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడలో వస్తే మూడు రోజుల మాట, ఆ ఓడ తేదీ కూడా ముందుగా గట్టిగా తెలియదు. జనరేటర్ లారీ, క్రేన్, లైట్లు అన్నీ తెస్తే బాడుగ కన్నా రవాణా ఎక్కువైంది. రెండు రోజులు ఆయనా నేనూ కూర్చుని జాబితా కోశాం. కెమెరా, లెన్సులు మాత్రం విమానంలో. పగటి వెలుతురులోనే తీద్దామని పెద్ద లైట్లు వదిలేశాం. జనరేటర్ మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు ఇచ్చే కాంట్రాక్టర్ దగ్గర తీసుకున్నాం. అది చాలా చప్పుడు చేస్తుంది. మాటల సీన్ అయితే పనికిరాదు. పాట కాబట్టి ఇబ్బంది లేదు, లొకేషన్‌లో శబ్దం రికార్డు చేయరు కదా. పాట వినిపిస్తూ ఉంటారు, ఆర్టిస్టులు పెదవులు కలుపుతారు. ఆ పాట వేసే మనిషిని సినిమా వాళ్ళు ఇప్పటికీ నాగ్రా అని పిలుస్తారు. అది పాత టేప్ రికార్డర్ పేరట. మా లాంటి దీవి మొదట పాటలనే పిలవాలని నాకు తట్టింది ఇక్కడే. నాలుగైదు రోజుల పని, తక్కువ సామాను, చప్పుడుతో గొడవ లేదు, కావలసింది వెలుతురూ చోటూ. పూర్తి సినిమాల కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే స్టూడియో లేదు, ఫ్లోర్ లేదు అనుకుంటూనే ఉంటాం.

యూనిట్ మొదట 62 మంది అన్నారు. 38కి తగ్గింది. మిగతా వాళ్ళకు బదులు 17 మందిని ఇక్కడే పెట్టాను: డ్రైవర్లు, వంటవాళ్ళు, లైట్ మోసే కుర్రాళ్ళు, మేకప్‌కి బ్యూటీ పార్లర్ నడిపే ఇద్దరు అమ్మాయిలు. బేటా, అంటే రోజు భత్యం, ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే ఇవ్వాలని ముందే రాయించుకున్నాను. వంట మా ఇంటి వెనక వీధిలోని అక్కలు చేశారు. వంజరం ఇగురు, పప్పుచారు. మూడో రోజుకు ప్రొడక్షన్ కుర్రాళ్ళు తమతో తెచ్చుకున్న మసాలా డబ్బాలు తెరవడం మానేశారు.

2024 ఫిబ్రవరి చివరి వారం. మొదటి రోజు చిడియా టాపు. సూర్యాస్తమయంలో హీరోయిన్ నడిచి వచ్చే షాట్ అది, ఏ షాట్ ఎన్నింటికో రాసే కాల్ షీట్‌లో సాయంత్రం 6:10కి రాశారు. హైదరాబాద్ లెక్క. ఆ వారం అక్కడ సూర్యుడు 6:20కి అస్తమిస్తాడు. మాకు 5:28కే. గడియారం ఒకటే, సూర్యుడు ఒకడే, కానీ మేము తూర్పున చాలా దూరం ఉన్నాం కాబట్టి దాదాపు గంట తేడా. రెక్కీలో ఆ మాట ఒకసారి చెప్పాను. కాల్ షీట్ నా చేతికి ముందు రోజు రాత్రి వచ్చింది, పొద్దున నాలుగింటికి లేవాలన్న హడావుడిలో ఆ గీత నేను చదవలేదు. హీరోయిన్ మేకప్ పూర్తయి బయటికి వచ్చేసరికి వెలుతురు పోయింది. డైరెక్టర్ గారు ఎవరినీ ఏమీ అనలేదు, కుర్చీలో కూర్చుండిపోయారు. అది నాకు ఇంకా బాధ అనిపించింది. తప్పు నాది. ఆ రాత్రే కూర్చుని మిగతా మూడు రోజులకూ సూర్యోదయం, అస్తమయం, పోటు, పాటు (సముద్రం పొంగే, తగ్గే) సమయాలు ఒక కాగితం మీద రాసి, జిరాక్స్ తీయించి 38 మందికీ పంచాను. పొద్దున 5:40కి మొదటి షాట్ అని రాసి ఉంటే మొదట ఎవరూ నమ్మలేదు. రెండో రోజు కొండ మీద ఆ లేత వెలుతురు చూశాక కెమెరామ్యాన్ గారు తనే అసిస్టెంట్లను నిద్ర లేపడం మొదలుపెట్టారు.

మూడో రోజు షహీద్ ద్వీప్, పాత నీల్. అక్కడి బీచ్‌ల పేర్లు రామాయణంలోవి: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్. బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ ఆ దీవిలో. పోయిన సూర్యాస్తమయం షాట్ ఆ సాయంత్రం లక్ష్మణ్‌పూర్‌లో తీశారు. ఆర్టిస్టులు 4:30కల్లా సిద్ధంగా ఉన్నారు.

నాలుగో రోజు అదే దీవిలోని రాతి వంతెన. పగడపు రాయిని సముద్రం తొలిచి వంతెనలా చేసింది. దాని కిందికి వెళ్ళాలంటే నీళ్ళు బాగా తగ్గాలి. మా చిన్నాన్న నెల ముందే చెప్పి ఉన్నాడు: "పౌర్ణం ఎల్లిన రెండోనాడు పొద్దు గూకే ముందు పాటు బాగా తీస్తాది. ఆ లోపల ఎల్లి రావాల. మళ్ళీ పోటెత్తితే ఆ రాళ్ళ మీద కాలు నిలవదు." ఆ మాట మీదే షెడ్యూల్ వేశాను. పాటు సమయం రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అందుకే ఒక రోజు అటూ ఇటూ అయినా షాట్ పోతుంది. ఆయన చెప్పినట్టే నీళ్ళు తీశాయి. రాళ్ళ గుంటల్లో చిన్న చేపలు, నక్షత్ర చేపలు. వాటి మీద కాలు వేయకుండా నడిచే దారికి నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ తాడు కట్టాం. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడొకడు చచ్చిన పగడం ముక్కలు సంచిలో వేసుకుంటుంటే చూసి తీయించాను. అది కూడా నేరమే. ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో పట్టుకుంటారు.

ఆ వంతెన ముందే మా జంగ్లీఘాట్ మనుషులు 12 మంది, చిన్నాన్నతో సహా, వల లాగారు. నటించమంటే మొదట బిగుసుకుపోయారు. డైరెక్టర్ గారు నాగ్రా ఆపించి, "మీరు రోజూ లాగినట్టే లాగండి, కెమెరా సంగతి మాకు వదిలేయండి" అన్నారు. చిన్నాన్న గొంతెత్తి పదం అందుకున్నాడు. మిగతా వాళ్ళు "హైలెస్సా" కలిపారు. మా నానమ్మ చిన్నప్పుడు నాకు జోలపాటలా పాడిన పదమే అది. సెట్‌లో అందరూ పని ఆపి విన్నారు. కొరియోగ్రాఫర్ గారు ఆ లయకు తన కౌంట్లు మార్చుకున్నారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మర్నాడు రాత్రి హైదరాబాద్ నుంచి మ్యూజిక్ డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. ఎవరో ఫోన్లో తీసిన వీడియో చూశారట. "ఆ గొంతులు నాకు పాటలో కావాలి. వాళ్ళను ఇక్కడికి పంపగలరా?" చిన్నాన్న వాళ్ళు వేట మానుకుని హైదరాబాద్ వెళ్ళే పని కాదు. ఇక్కడే రికార్డు చేస్తామన్నాను. ఊళ్ళో చర్చి పాటలు, పెళ్ళి వీడియోలు చేసే ఒక కుర్రాడి దగ్గర మంచి మైకులు రెండు ఉన్నాయి. మా తెలుగు వాళ్ళ కమ్యూనిటీ హాలు తీసుకున్నాం. రేకుల కప్పు, పైన వాన పడితే అంతే. కిటికీలకు పరుపులు కట్టాం. ఫ్యాన్లు ఆపేశాం. కప్పల అరుపు మాత్రం ఆపలేకపోయాం, అది తగ్గే దాకా రాత్రి రెండు గంటల వరకు ఎదురు చూశాం. చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడి పాడటం మా వాళ్ళకు చేతకాలేదు. చివరికి హాల్లో ఒక స్తంభానికి తాడు కట్టి, దాన్ని లాగుతూ పాడమన్నాం. అప్పుడు గొంతులు సరిగ్గా పడ్డాయి.

ఆ ఫైళ్ళు తెల్లవారకముందే హైదరాబాద్ చేరాయి. కొన్నేళ్ళ క్రితం వరకు ఇది మాకు ఊహకు అందని పని. ఉపగ్రహం మీదే నెట్, ఒక ఫోటో పంపాలన్నా ఓపిక పట్టాలి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ మొదలయ్యాక మా బతుకులు మారాయి. సినిమా షూటింగ్‌కు ఓడ కావాలి, విమానం కావాలి, వాతావరణం కలిసి రావాలి. సంగీతానికి ఒక నిశ్శబ్దమైన గది, రెండు మైకులు, ఆ కేబుల్ చాలు. మా పర్యాటక ప్రచారాల్లో ఎప్పుడూ బీచ్ ఫోటోలే చూస్తాను. ఈ దీవుల్లో తెలుగు, బెంగాలీ, తమిళం, మలయాళం, సాద్రీ, కరెన్, నికోబారీ, ఇన్ని భాషల పాటలు పక్క పక్క వీధుల్లో వినిపిస్తాయి. ఒక మంచి రికార్డింగ్ గది కట్టిస్తే సంగీత దర్శకులు వాన రోజుల్లో కూడా వస్తారు. వానాకాలంలో మా హోటళ్ళు సగం ఖాళీగానే ఉంటాయి.

డబ్బు మాట కూడా చెప్పాలి. 2023 నవంబర్‌లో కేంద్రం సినిమాలకు ఇచ్చే ప్రోత్సాహకాన్ని 40 శాతానికి పెంచింది, 30 కోట్ల రూపాయల దాకా. కానీ అది విదేశీ నిర్మాణాలకు. హైదరాబాద్ నుంచో కొచ్చి నుంచో మా దీవికి వచ్చే యూనిట్‌కు అది వర్తించదు. నన్నడిగితే మాకు అంత శాతాలు కూడా అక్కర్లేదు. సామాన్లకు ఓడలో ముందుగా ఖాయమైన చోటు, సగం చార్జీ ఇస్తే చాలు. ఏ లొకేషన్‌కు ఎంత ఫీజో ఒక్క కాగితం మీద ఉండాలి. ఫైలులో తప్పుంటే మూడు రోజుల్లో చెప్పాలి. వచ్చిన యూనిట్ ఇక్కడి వాళ్ళను ఇంతమందిని పనిలో పెట్టుకోవాలన్న షరతు కూడా ఉండాలి. ఈ నాలుగు మాటలూ రాసి సంబంధిత శాఖకు ఇచ్చాను. అందినట్టు సంతకం పెట్టిన కాపీ నా ఫైల్లో ఉంది.

గొంతులు ఇచ్చిన 12 మందికి పారితోషికం ఇప్పించడానికి నాలుగు ఫోన్లు సరిపోయాయి. పేర్లు వేయించడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. కోరస్ అని ఒక్క మాట వేస్తామన్నారు. పేర్లు కావాలన్నాను. చివరికి మేనేజర్ గారే మాట్లాడి ఒప్పించారు. పాట వచ్చిన రోజు జంగ్లీఘాట్ రేవులో, వలలు ఆరేసిన చోట, ఒకరి ఫోన్ చుట్టూ అందరం మూగాం. చిన్నాన్నకు చదువు రాదు. తన పేరు వచ్చిన చోట ఆపమని, అదేనా అని నన్ను అడిగాడు. అదే అన్నాను. ఆయన వేలు తెర మీద పెట్టి అక్షరం అక్షరం తడిమాడు.

ఆ సెప్టెంబర్‌లో మా ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. నా ఆఫీసు బోర్డు మార్చాల్సి వచ్చినప్పుడు కింద ఇంకో వరస రాయించాను: షూటింగ్ అనుమతులు, పడవలు, పోటు పాటు సమయాలు. ఈ ఏడాది ఒక మలయాళం యూనిట్, ఒక తెలుగు ఆల్బమ్ వాళ్ళు అడిగారు. ఇద్దరికీ మొదట పంపింది సూర్యాస్తమయం సమయాల కాగితమే.